డెబ్బై దాటాక వచ్చిన పేరు

'చీనీ కమ్' సినిమా చూసినవాళ్లకు అమితాబ్ బచ్చన్ తల్లిగా వేసిన ముసలావిడ గుర్తుండే ఉంటుంది. ఆ సినిమా 2007లో వచ్చింది. అప్పటికి ఆవిడకు తొంభై అయిదేళ్లు. పేరు జోహ్రా సెహగల్. సినిమా ప్రేక్షకులకు ఆవిడ అల్లరి బామ్మగానే తెలుసు. అసలు ఆవిడ నాటకాల మనిషి.

1912లో సహరన్‌పూర్‌లో, రోహిల్లా పఠాన్ల ఇంట్లో పుట్టారు. లాహోర్‌లో చదువు ముగిశాక, పర్దా పాటించే ఇంటి పిల్ల మేనమామతో కారెక్కి ఇరాన్, పాలస్తీనాల మీదుగా యూరప్ దారి పట్టింది! జర్మనీలోని డ్రెస్డెన్‌లో, మేరీ విగ్మాన్ నాట్యపాఠశాలలో మూడేళ్లు నేర్చుకున్నారు. 1935లో నర్తకుడు ఉదయశంకర్ బృందంలో చేరి దేశదేశాలు తిరిగారు. అల్మోరాలో ఆయన పెట్టిన సాంస్కృతిక కేంద్రంలో పాఠాలు చెబుతుండగా, తనకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాడైన కామేశ్వర్ సెహగల్ పరిచయమయ్యారు. 1942 ఆగస్టులో పెళ్లి. నెహ్రూ రావలసింది గాని, క్విట్ ఇండియా అరెస్టుల్లో ఆయన అప్పటికే జైలుకు వెళ్లిపోయారు.

నన్నడిగితే జోహ్రాను నటిగా తీర్చిదిద్దింది ఆ తర్వాత నాటకాల్లో గడిచిన పద్నాలుగేళ్లు. 1944లో నటుడు పృథ్వీరాజ్ కపూర్ బొంబాయిలో పృథ్వీ థియేటర్స్ మొదలుపెట్టారు. మరుసటి ఏడు జోహ్రా అందులో చేరారు. చెల్లెలు ఉజ్రా అప్పటికే అక్కడ కథానాయిక. అక్కకు నాట్య దర్శకత్వంతో పాటు చిన్నాచితకా వేషాలు దక్కాయి. చెల్లెలి పక్కన నిలబడి చిన్న వేషం వేయడం ఎవరికైనా కష్టమే. అయినా ఆవిడ వదిలి వెళ్లలేదు. 'దీవార్', 'పఠాన్', 'గద్దార్' లాంటి నాటకాలు పట్టుకుని బృందమంతా రైళ్లలో ఊరూరా తిరిగేది. మన సురభి నాటకాలవాళ్లకు తెలిసిన బతుకే. నాటకం అయిపోగానే పృథ్వీరాజ్ గుమ్మం దగ్గర తల వంచుకుని జోలె పట్టి నిలబడేవారు. వచ్చినవాళ్లు తోచింది వేసి వెళ్లేవారు. హాల్లో చివరి వరసకు కూడా మాట వినబడాలన్న పట్టుదల ఆవిడకు అక్కడే అలవడింది. మైకు ముందు పెరిగిన నటులకు ఆ గొంతు రాదు.

1959లో భర్త పోయారు. మరుసటి ఏడాది పృథ్వీ థియేటర్స్ కూడా మూతపడింది. ఇద్దరు పిల్లలు. ఢిల్లీలో కొన్నాళ్లు నాటకం నేర్పి, 1962లో స్కాలర్‌షిప్ మీద లండన్ వెళ్లారు. వయసు యాభై. అక్కడ ఆవిడ కోసం రాసిపెట్టిన వేషాలేమీ లేవు. పేరున్న ఓల్డ్ విక్ థియేటర్లో తెర వెనక నటులకు దుస్తులు తొడిగే పని కూడా చేశారు. టీవీలో అడపాదడపా చిన్న పాత్రలు వచ్చేవి. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి.

1984లో గ్రెనాడా టెలివిజన్ 'ది జ్యూయల్ ఇన్ ది క్రౌన్' ధారావాహిక తీసింది. బ్రిటిష్ పాలన చివరి రోజుల కథ. అందులో లేడీ ఛటర్జీ పాత్ర జోహ్రాది. దొరల మధ్య దర్జాగా, కాస్త వెటకారంగా మసలే పెద్దావిడ. ఆ పాత్రతో బ్రిటన్ ఆవిడను గుర్తుపట్టింది. వెంటనే 'తందూరీ నైట్స్' అనే హాస్య ధారావాహిక వచ్చింది. ఆ తర్వాత స్వదేశానికి తిరిగి వచ్చి, ఇక్కడి టీవీలోనూ సినిమాల్లోనూ తొంభై దాటేదాకా వేషం కట్టారు. 2010లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2014 జూలైలో, నూట రెండేళ్ల వయసులో ఢిల్లీలో కన్నుమూశారు.

ఇన్నింటిలో నాకు చూడాలనిపించేది మాత్రం 1993లో లాహోర్‌లో ఆడిన 'ఏక్ థీ నానీ'. ఉజ్రా పాకిస్తాన్ వెళ్లి స్థిరపడిపోయారు. అక్కచెల్లెళ్ల మధ్య సరిహద్దు పడింది. వాళ్లిద్దరి కథనే అల్లుకున్న నాటకం అది. అందులో ఇద్దరూ కలిసి నటించారు. అప్పటికి జోహ్రాకు ఎనభై పైబడింది. పృథ్వీలో చెల్లెలి పక్కన చిన్న వేషాలు వేసిన అక్క, ఈసారి ఆవిడతో సరిసమానంగా నిలిచింది.