చికిత్సకు ముందు తీసే స్కాన్

నందివెలుగు నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి క్యాన్సర్ చికిత్సకు వెళ్లేవారున్నారు. రేడియేషన్ మొదలుపెట్టే ముందు ప్లానింగ్ సీటీ స్కాన్ తీస్తారు. చికిత్సప్పుడు ఎలా పడుకోవాలో అలాగే గట్టి బల్లమీద పడుకోబెట్టి, ఒంటిమీద గుర్తులు పెడతారు.

చికిత్సలో రేడియేషన్ మోతాదు గ్రే అనే కొలతలో, స్కాన్‌ది అంతకంటే చిన్నదైన మిల్లీగ్రేలలో ఉంటుంది. తక్కువే కదా అని వదిలేయకూడదు, అది గడ్డ చుట్టూ ఉన్న మంచి కణాలకూ తగులుతుంది. బ్రిటన్‌లో ఆసుపత్రుల నుంచి ఈ స్కాన్ మోతాదులు సేకరించి 2018లో ప్రామాణిక స్థాయిలు ప్రచురించారు. నాలుగింట మూడొంతుల ఆసుపత్రులు లోపలే ఉండేలా ఆ స్థాయి గీత గీశారు. గీత దాటితే తప్పు జరిగిందని కాదు, ఎందుకు దాటిందో చూసుకోవాలి. మరీ తగ్గించినా ముప్పే, బొమ్మ మసకబారి గడ్డ అంచు కనపడదు.

మోతాదు అంకె స్కానర్ తెరమీదే కనిపిస్తుంది. సందేహముంటే అక్కడి మెడికల్ ఫిజిసిస్టును అడగండి.