ఫిఫ్త్ వీల్ ఆర్వీలో లోపాలొస్తే ఎవరిని అడగాలి? ఎలా అడగాలి?

ఫిఫ్త్ వీల్ ట్రైలర్ లోపల కిచెన్ ఎలా ఉంటుంది, బెడ్‌రూమ్ ఎంత ఉంటుంది, ఇవన్నీ ఇంతకుముందు ఎపిసోడ్లలో చూపించాను. ఈరోజు టూర్ లేదు. కొన్నాక అందులో లోపాలు బయటపడితే ఏం చేయాలి, ఎవరు పట్టించుకుంటారు అన్నది మాట్లాడుకుందాం. ఇక్కడ అమెరికాలో ఆర్వీ కొనాలనుకునే మనవాళ్లు నన్ను "ఏ మోడల్ బాగుంటుందన్నా?" అని అడుగుతారు. "చెడిపోతే ఎవరు బాగుచేస్తారన్నా?" అని అడిగేవాళ్లు చాలా తక్కువ. నిజానికి ముందు అడగాల్సింది అదే.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. మామూలు ట్రైలర్‌ని కారు వెనక బంపర్ దగ్గర తగిలిస్తారు కదా. ఫిఫ్త్ వీల్ అలా కాదు. పికప్ ట్రక్కు వెనక తొట్టిలో, సరిగ్గా ఇరుసు మీద ఒక హిచ్ బిగిస్తారు. ట్రైలర్ ముందుభాగం వచ్చి దాని మీద కూర్చుంటుంది. పెద్ద లారీలకి ట్రైలర్ తగిలించే పద్ధతే ఇది. అందుకే 35, 40 అడుగుల పొడవున్నా స్థిరంగా వెళ్తుంది. ఆపాక గోడలు బయటికి జరుగుతాయి, వాటిని స్లైడ్లు అంటారు. అంతే, హాలు డబుల్ అయిపోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. కుళాయిలు, గ్యాస్, కరెంటు, ఏసీ, ఫ్రిజ్, బాత్‌రూమ్ అన్నీ ఉన్న ఇంటిని గంటకి 65 మైళ్ల వేగంతో రోడ్డు మీద లాక్కెళ్తున్నాం. ప్రతి గుంటకీ ఇల్లంతా కుదుపు తింటుంది. స్క్రూలు వదులవుతాయి, పైపు జాయింట్లు కారతాయి, పైకప్పు అంచుల్లో సీలెంట్ పగులుతుంది. కొంత సహజమే. కానీ కొన్ని లోపాలు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. అమెరికాలో ఆర్వీల్లో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. 2021లో ఈ పరిశ్రమ రికార్డు స్థాయిలో 6 లక్షల బండ్లు పంపింది. కొనేవాళ్లు ఎగబడినప్పుడు తయారీలో హడావిడి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా సంగతి చెప్తాను. మేం డాలస్ దగ్గర ఉంటాం. మా ట్రైలర్ కొన్న తొమ్మిదో నెలలో ఒకసారి రెండు రోజులు వాన పట్టింది. డైనింగ్ టేబుల్ కింద 20 పౌండ్ల సోనామసూరి బస్తా పెట్టుకున్నాం. మూడో రోజు మా ఆవిడ బియ్యం తీయబోతే బస్తా అడుగు తడిసిపోయి ముక్క వాసన వస్తోంది. చూస్తే స్లైడ్ మూల దగ్గర రబ్బర్ సీల్ సరిగా కూర్చోలేదు. నీళ్లు అక్కడి నుంచి లోపలికి వచ్చి నేల చెక్క ఉబ్బుతోంది.

డీలర్‌కి ఫోన్ చేశాను. "కంపెనీ ఒప్పుకోవాలి సార్, అపాయింట్‌మెంట్ ఆరు వారాల తర్వాతే" అన్నారు. కంపెనీకి చేస్తే "మీ డీలర్ చూసి రిపోర్ట్ పంపాలి" అన్నారు. స్లైడ్ మెకానిజం చేసిన కంపెనీ ఇంకోటి. వాళ్లు "మా మోటార్ బాగానే ఉంది, సీల్ మాది కాదు" అన్నారు. అమ్మేటప్పుడు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టినవాళ్లే ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు మాట్లాడారు. అటు చూస్తే మా వారంటీ ఏడాదే. మూడు నెలల్లో అయిపోతుంది. నేల కుళ్లితే ఆ ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది, జాగ్రత్తగా వినండి. కారు కొంటే ఒక కంపెనీ వారంటీ వస్తుంది. ఫిఫ్త్ వీల్ కొంటే ఒక సంచీడు వారంటీలు వస్తాయి. గోడలు, పైకప్పు, నేల ట్రైలర్ కంపెనీవి. ఫ్రిజ్‌ది వేరు, ఏసీది వేరు, ఇరుసులది వేరు, టైర్లది వేరు. ఒక్కోదానికీ గడువు వేరు, ఫోన్ నంబర్ వేరు. కొన్న రోజే ఆ కాగితాలన్నీ ముందేసుకుని ఏ వస్తువు, ఏ సీరియల్ నంబర్, ఎవరి వారంటీ, ఎప్పటిదాకా అని ఫోన్‌లో ఒక లిస్ట్ పెట్టుకోండి. సగం తిప్పలు అక్కడే తగ్గిపోతాయి.

రెండోది, ఫోన్లో చెప్పింది నీటి మీద రాత. నేను ఆ రోజే వాన పడుతుండగా వీడియో తీశాను. తడిసిన నేల ఫోటోలు, తేదీ, ట్రైలర్ విన్ నంబర్, లోపం ఎక్కడుంది, ఎప్పుడు కనిపించింది, అన్నీ ఒక ఈమెయిల్‌లో రాసి డీలర్‌కీ కంపెనీకీ కలిపి పంపాను. ఫోన్ చేసిన ప్రతిసారీ "ఈరోజు మీరు నాతో ఇలా అన్నారు" అని అదే మెయిల్ కింద రెండు లైన్లు రాశాను. డీలర్ చూసి, పార్ట్ వచ్చి, రిపేర్ పూర్తయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికి వారంటీ అయిపోయింది. అయినా కంపెనీయే డబ్బు కట్టింది, ఎందుకంటే ఫిర్యాదు గడువు లోపలే రాతపూర్వకంగా వాళ్ల దగ్గరుంది. బియ్యం మాత్రం మా ఖాతాలోనే పోయాయి, అది వేరే సంగతి.

ఆ నాలుగు నెలలూ మేం చూస్తూ కూర్చోలేదు. మూలకి టార్పాలిన్ కట్టాం, లోపల ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాం. ఇది చాలా ముఖ్యం. లోపం వాళ్లదే అయినా, తెలిసి కూడా మీరు వదిలేస్తే "పెరిగిన నష్టం మీ నిర్లక్ష్యం వల్లే" అని తోసేస్తారు. ఆరబెట్టిన ఫోటోలు కూడా పంపండి.

డీలర్ దగ్గర ఆలస్యం అయితే ఇంకో దారి ఉంది. మీ దగ్గరికే వచ్చి బాగుచేసే మొబైల్ ఆర్వీ టెక్నీషియన్లు ఉంటారు. కానీ పిలిచే ముందు కంపెనీ నుంచి అనుమతి రాతలో తెచ్చుకోండి. ఎంతవరకు ఇస్తారో కూడా రాయించుకోండి. ముందు చేయించేసి తర్వాత బిల్లు పంపితే చాలాసార్లు తిరిగొచ్చేస్తుంది.

ఇంకా కొననివాళ్లు ఇది నోట్ చేసుకోండి. బండి తీసుకునే రోజు కనీసం మూడు నాలుగు గంటలు కేటాయించండి. ఫ్రిజ్ ముందురోజే ఆన్ చేసి పెట్టమనండి. స్లైడ్లు రెండుమూడు సార్లు బయటికీ లోపలికీ తిప్పించండి. ప్రతి కుళాయీ విప్పి కింద చెయ్యి పెట్టి చూడండి. వాటర్ హీటర్‌ని గ్యాస్ మీద ఒకసారి, కరెంటు మీద ఒకసారి నడిపించండి. నిచ్చెన వేసుకుని పైకప్పు చూడండి. కనిపించిన ప్రతి లోపం కాగితం మీద రాయించి, "ఇవి మేం చేసిస్తాం" అని డీలర్ సంతకం తీసుకోండి. మీ సంతకం, మీ చెక్కు ఆ తర్వాతే. చెక్కు ఇచ్చేశాక మీ బేరం బలం పోతుంది. మొదటి ట్రిప్ దూరం వద్దు, డీలర్‌కి దగ్గర్లోనే రెండు రాత్రులు ఉండి అన్నీ వాడి చూడండి.

వారంటీ కాగితంలో రెండు లైన్లు తప్పకుండా వెతకండి. ఒకటి, అందులోనే ఏడాదంతా కాపురం ఉంటే వర్తించదని చాలా కంపెనీలు రాస్తాయి. అద్దె మిగులుతుంది కదా అని ఆర్వీలోకి మారదామనుకునే కుర్రాళ్లు ముందు ఇది చదవాలి. రెండోది బరువు. ట్రైలర్ మీద స్టిక్కర్‌లో ఉన్న గరిష్ఠ బరువు దాటితే ఇరుసు విరిగినా ఫ్రేమ్ పగిలినా మీదే తప్పంటారు. ఒక గ్యాలన్ నీళ్లే 8 పౌండ్లకి పైన ఉంటాయి. 60 గ్యాలన్ల ట్యాంక్ నింపితే దాదాపు 500 పౌండ్లు! ట్రక్ స్టాపుల్లో కాటా ఉంటుంది. ఒకసారి తూకం వేయించి ఆ రసీదు దాచుకోండి.

బ్రేకులు, టైర్లు, ఇరుసు, గ్యాస్ లీక్ లాంటివి ప్రాణాల మీదకి తెచ్చే లోపాలు. వీటికి వారంటీ కోసం ఎదురుచూడొద్దు, బండి కదపొద్దు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అని ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో వెతికితే మీ ట్రైలర్ మీద రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. రీకాల్ ఉంటే కంపెనీ ఉచితంగా బాగుచేయాలి. అక్కడే మీరు ఫిర్యాదు కూడా పెట్టొచ్చు. టైర్లు, ఇరుసుల విషయంలో వాటి పేరుతో విడిగా కూడా వెతకండి.

ఎంత అడిగినా కదలకపోతే? 1975లో వచ్చిన మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ఉంది. రాసిచ్చిన వారంటీని కంపెనీ నిలబెట్టుకోకపోతే కోర్టుకి వెళ్లొచ్చు. గెలిస్తే లాయర్ ఫీజు కూడా వాళ్ల చేత కట్టించే వీలుంది. లెమన్ చట్టాలు మాత్రం రాష్ట్రానికో రకం. మా టెక్సాస్‌లో లాగే ట్రైలర్లు కూడా ఆ చట్టం కిందకి వస్తాయి. చాలాచోట్ల రావు. ఫిర్యాదుకి గడువు కూడా ఉంటుంది. కాబట్టి కొనకముందే మీ రాష్ట్రం సంగతి చూసుకోండి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి ఫ్రెండ్స్. కౌంటర్ వెనక, ఫోన్ అవతల ఉన్నది కూడా మనలాంటి ఉద్యోగే. అరిస్తే ఫైల్ కిందకి వెళ్తుంది. మర్యాదగా, తేదీలతో, ఫోటోలతో, వారానికోసారి వదలకుండా అడిగితే ఫైల్ పైకి వస్తుంది. నా దగ్గరకి వచ్చిన టెక్నీషియన్ ఒక మాటన్నాడు, మీ మెయిల్ చదివే ఏ పార్ట్ తేవాలో నాకు అర్థమైపోయిందని. మనకి కావాల్సింది అదే కదా.

ఆర్వీ కొనే ఆలోచనలో ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, వాళ్లు చెక్కు రాయకముందే ఈ వీడియో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో పైకప్పు సీలెంట్ ఎలా చూసుకోవాలో నిచ్చెన ఎక్కి చూపిస్తాను. ఉంటాను మరి, జాగ్రత్తగా నడపండి.