నల్లగాజు దొరకని సీమలో

ఉదయగిరి అనగానే మనకు కోట జ్ఞప్తికి వచ్చును. గజపతుల చేతినుండి దానిని తీసికొనుటకు కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచిన కథ బడిపిల్లలకును తెలియును. ఈ పూట మేము చెప్పదలచినది కోట కంటె బహుకాలము ముందటి సంగతి. అప్పటికి ఆ కొండకు రాజు లేడు. క్రింది వాగులలో గుండ్రాళ్లు ఏరుకొను మనుష్యులు మాత్రము కలరు.

ఆదిమానవుని పనితనమును గూర్చి వ్రాయు పాశ్చాత్య గ్రంథకర్తలు తఱచుగా ఆబ్సిడియన్ అను రాతిని పొగడుదురు. అగ్నిపర్వతము వెలిగ్రక్కిన శిలాద్రవము త్వరగా చల్లారి గడ్డకట్టిన నల్లని గాజు అది. గాజు గనుక దెబ్బ తగిలిన చోటినుండి పగులు ఎటు నడచునో ముందుగనే ఊహింపవచ్చును. దాని అంచు ఉక్కుకత్తి కంటె పదునైనది. మెక్సికో దేశపు పనివారు దానిని ఒత్తియే సన్నని పొడవాటి పలుకులు తీసిరి. తుర్కీ దేశమున చాతల్‌హోయూక్ వాసులు సుమారు 8,000 ఏండ్ల క్రిందట దానిని అరగదీసి ముఖము చూచుకొను అద్దములు చేసిరి.

మన సీమలో ఆ రాయి లేదు. వెలిగొండలకు తూర్పున దొరకునవి క్వార్ట్‌జైటు, పలుగురాయి. ఇసుకరాయి భూగర్భములో వేడికిని ఒత్తిడికిని లోనై గట్టిపడగా ఏర్పడినది క్వార్ట్‌జైటు. కొండలనుండి జారిన ముక్కలను వాగులును పెన్నయు దొర్లించి, నునుపుచేసి, గట్లపై పఱచినవి. పాపము, మనవారికి మంచిరాయి దక్కలేదని కొందఱు జాలిపడుదురు. మేము జాలిపడము. ఆబ్సిడియన్ పదునైనదే గాని పెళుసు. కొమ్మ నఱుకుటకును, దుంప త్రవ్వుటకును, ఎముక పగులగొట్టి మూలుగు తీయుటకును క్వార్ట్‌జైటే మేలు. ఎటొచ్చియు, అది సులభముగా లొంగదు.

గుండు నున్నగా ఉన్నంతవఱకు దెబ్బ జారిపోవును. కావున మొదట ఒక ప్రక్క పగులగొట్టి చదునైన ముఖము తెఱవవలెను. ఆ ముఖపు అంచున వేఱొక రాతితో కొట్టవలెను. అచ్చటి కోణము 90 డిగ్రీలకు లోపుగా ఉండవలెను. మించినచో పెచ్చు ఊడదు, చేయి మాత్రము జిల్లుమనును. చక్కగా ఊడిన పెచ్చు లోపలి వైపున, దెబ్బ తగిలిన చోటికి దిగువను చిన్న ఉబ్బును, దాని చుట్టు గుల్లమీది గీతల వంటి అలలును కనబడును. పిమ్మట రాతిని త్రిప్పి, ఏర్పడిన మచ్చ అంచుననే రెండవవైపు కొట్టుదురు. ఇట్లు త్రిప్పుచు కొట్టుచు పోగా బాదముగింజ ఆకారముగల చేగొడ్డలి తేలును. ఒక్క దెబ్బ తప్పినచో అంతవఱకు పడిన శ్రమ వాగుపాలు.

సంతలో కుండ కొను ఇల్లాలు వ్రేలితో తట్టి చూచును గదా! రాతిపనివాడును అట్లే తట్టి చూచును. బీటలేని గుండు ఖంగున మ్రోగును. బీట ఉన్నది బొంగురుగా పలుకును. చెవిని నమ్ముకొని బ్రదుకు మావంటివారికి ఈ సంగతి తెలిసినప్పుడు కొంత గర్వము కలిగినదని ఒప్పుకొనవలెను.

ఇట్టి పనిముట్లను మన దేశమున మొదట పోల్చుకొన్నవాడు భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూస్ ఫుట్. 1863 మే 30వ తేదీన మద్రాసు చెంత పల్లవరమున ఆయనకు మొదటిది దొరకినది. 1930లో కమియాడ్, బర్కిట్ అనువారు నల్లమల ప్రాంతపు రాళ్లను చేగొడ్డళ్లు మొదలు మిక్కిలి చిన్న పరికరముల వఱకు నాలుగు వరుసలుగా ఏర్పఱచిరి. (నల్లమల చెంతను ఒక ఆత్మకూరు కలదు, అది వేఱు, మన పెన్న ప్రక్కది వేఱు. శ్రోతలు పొరబడరాదు.) 1952లో సౌందరరాజన్, వెలిగొండలకు ఆవల నున్న గిద్దలూరి రాతిపనిని వివరించెను. ఉదయగిరికి ఉత్తరమున, ప్రకాశము జిల్లా రెట్లపల్లెలో దొరకిన పనిముట్లు సుమారు 1,39,000 ఏండ్ల నాటివని 2024లో ప్రకటించిరి.

అగ్నిపర్వతపు గాజు మనకు బొత్తిగా రాలేదనుటయు సరికాదు. వచ్చినది, పొడియై వచ్చినది. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా ద్వీపమున తోబా పర్వతము బ్రద్దలుకాగా ఎగసిన బూడిద కర్నూలు సీమ జ్వాలాపురమున నేటికిని పొరగా నిలిచియున్నది. ఆ బూడిదలో సన్నని గాజు తునుకలే అధికము. పొరకు క్రిందను, పైనను రాతి పనిముట్లు దొరకినవి. ఆ లోయలోనే ఒక రాతిచరియ క్రింద సుమారు 35,000 ఏండ్లనుండి చేసిన గోరంతటి పరికరములును, వానితోపాటు రాతిపూసలు, ఎముకపూసలును బయటపడినవి. కడుపు నిండుటకు పూస అక్కఱలేదు. అయినను దానికి బెజ్జము వేయు ఓపిక వారికి ఉండెను.

రెట్లపల్లె లెక్క రాతినుండి తేలినది కాదు. ఆ రాయి కప్పబడియున్న మట్టిలోని రేణువులు కడపటిసారి వెలుగు చూచి ఎంత కాలమైనదో కొలిచి చెప్పిన లెక్క అది. మట్టి పోయినచో లెక్కయు పోవును. మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఆత్మకూరు దారిలో రోడ్డుకొఱకు పోసిన కంకరగుట్టలో ఒక చేగొడ్డలి కనబడగా ఉబలాటముతో సంచిలో వేసికొని వచ్చితిమి. తెలిసిన పండితునకు చూపగా ఆయన దానిని రెండుమార్లు త్రిప్పి చూచి, "ఏ గట్టు? ఎంత లోతు?" అని అడిగెను. మేము తిరిగి పోవునప్పటికి ఆ కంకర రోడ్డులో కలిసిపోయినది. ఏ వాగునుండి తోలిరో చెప్పువారు లేరైరి. ఆ రాయి ఇప్పుడు మా బల్లమీద, ప్రసంగపు కాగితములు ఫ్యానుగాలికి ఎగిరిపోకుండ ఆపుచున్నది.