ఇంట వినదగిన రికార్డులు



ఇంటిలో కూర్చుండి వినడానికి మంచి శాస్త్రీయ సంగీత రికార్డులు ఏవి అని అడిగేవారు నావంటి రేడియో ఉద్యోగికి తరచు తారసపడుతూ ఉంటారు. ఆ ప్రశ్నకు నా దగ్గర చాలకాలంగా ఒక జాబితా సిద్ధంగా ఉండేది. ధ్వని స్వచ్ఛంగా ఉన్నవి, కొత్త యంత్రాలతో పట్టినవి, ప్రతి వాద్యమూ విడివిడిగా వినిపించేవి ఏరి కూర్చిన జాబితా అది. కంచన్‌బాగులో ఒక పెద్దమనిషి దానిని తలక్రిందులు చేశారు. ఈనాటి ప్రసంగం ఆ మారిన జాబితాను గూర్చి.

కంచన్‌బాగు అనగానే హైదరాబాదు వారికి రక్షణ పరిశోధనశాలలు, కర్మాగారాలు, వాటి ఉద్యోగుల వసతిగృహాలు స్ఫురిస్తాయి. సంగీతానికి పేరుపడిన పేట కాదది. నేను చెప్పబోయే పెద్దమనిషి వేరొక జిల్లాలో యంత్రాల నడుమ ముప్పది యేండ్లు పనిచేసి, ఉద్యోగం విరమించిన పిమ్మట ఇక్కడ కుమార్తె ఇంటికి వచ్చి స్థిరపడినవారు. వయస్సు డెబ్బది దాటింది. ఒకనాటి సాయంకాలం వారు మా ఇంటికి వచ్చి, "బాబూ, మీరు రేడియోలో పనిచేస్తారట. నా చెవులు క్రమంగా సెలవు తీసుకొంటున్నాయి. ఇంకా వినగలిగినన్నాళ్ళు ఏ రికార్డులు వినమంటారు?" అని అడిగారు.

నేను నా జాబితా వ్రాసి ఇచ్చాను. అందులోని రెండు మూడింటిని అప్పటికప్పుడు నా సెల్‌ఫోనులో వినిపించాను కూడా. ఆయన తల వంచి శ్రద్ధగా విన్నారు. కొంతసేపటికి, "తంబుర వేశారా?" అని అడిగారు. తంబుర మ్రోగుతూనే ఉన్నది. ఆయనకు వినబడలేదు. నేను సిగ్గుపడ్డాను. అడిగినవారి చెవి ఎటువంటిదో విచారించకుండా నా చెవికి ఇంపైనవి ఇచ్చాను గదా!

వయస్సు వల్ల గాని, ఎడతెగని యంత్రధ్వని వల్ల గాని వినికిడి తగ్గేటప్పుడు సాధారణంగా ముందుగా పోయేవి సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు. తంబుర నాదానికి ఆ మెరుపు నిచ్చేవి అవే. మాటలలో స, శ, ఫ వంటి అక్షరాలను వేరుపరచి తెలిపేవీ అవే. అందుచేతనే ఇటువంటివారు, "గొంతు వినబడుతున్నది గాని మాట తెలియడం లేదు" అంటారు. ఇక సెల్‌ఫోనులోని చిన్న స్పీకరు సంగతి దీనికి సరిగ్గా విరుద్ధం. అది సన్నని ధ్వనులనే బాగా పలుకుతుంది, మంద్రస్థాయిని మ్రింగివేస్తుంది. ఆయనకు మిగిలి ఉన్నది మంద్రం. నేను చేతికిచ్చిన యంత్రానికి లేనిది మంద్రం. ఇక ఆయనకు వినబడేది ఏమున్నది?

మరునాడు నేనే వారింటికి వెళ్ళాను. ముందుగదిలో ఒక మూల, పాత వార్తాపత్రికల కట్టల ప్రక్కన, పెద్ద కొయ్యపెట్టె గల వాల్వు రేడియో ఒకటి కనిపించింది. మరుసటి ఆదివారం దానిని పాత సామానులవానికి ఇవ్వాలని ఇంటివారు నిశ్చయించుకొన్నారట. అటువంటి పాత సెట్లు చాలవాటికి వెనుకవైపు గ్రామఫోను తగిలించుకోవడానికి రంధ్రాలు ఉంటాయి. రేడియో బాగుచేసే మెకానిక్కును పిలిపించి, వాల్వులు చూపించి, ఆ రంధ్రాల ద్వారా పాట పోయే ఏర్పాటు చేయించాము. ఇందులో విద్యుత్ ప్రమాదం కలదు గనుక శ్రోతలు ఎవరూ ఈ పని స్వయంగా చేయబోవద్దని నా మనవి. పెద్ద స్పీకరు, కొయ్యపెట్టె కలిసి మంద్ర, మధ్యస్థాయులను నిండుగా పలికాయి. మొదటిసారిగా ఆయన ముఖంలో పాట చేరినట్టు కనిపించింది.

ఆ తరువాత కొన్ని వారాలు మేమిద్దరం కూర్చుండి, ఏవి నిలుస్తాయో, ఏవి జారిపోతాయో పరీక్షించి, అయిదు రకాల రికార్డులు ఏర్పరచుకొన్నాము.

మొదటివి ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పాత వయొలిన్ రికార్డులు. నాయుడుగారు 1893లో జన్మించి 1964లో స్వర్గస్థులైనారు. చూపు సరిగా లేని ఆ మహావిద్వాంసుడు 1919లోనే విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులైనారు. వయొలిన్ అంటే గాయకుని ప్రక్కన కూర్చునే వాద్యమనే అభిప్రాయం బలంగా ఉన్న రోజులలో దానితో ఒంటరిగా కచేరీ చేసి సభలను మెప్పించారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డుకు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే వ్యవధి. గంటసేపు విస్తరించగల విద్వాంసుడు ఆ మూడు నిమిషాలలో రాగస్వరూపాన్ని ఎట్లా నిలబెట్టాడో వినవలె. ఇక్కడ ఒక విశేషం ఉన్నది. ఆ కాలపు యంత్రాలు మరీ హెచ్చు స్థాయి ధ్వనులను పట్టలేకపోయేవి. మనం దానిని లోపంగా ఎంచుతాము. కాని మా పెద్దమనిషికి ఆ ధ్వనులు ఎట్లాగూ వినబడవు గదా! అందుచేత నాయుడుగారి రికార్డు ముందర ఆయనకూ నాకూ భేదం చాలవరకు తొలగిపోయింది. "ఇందులో నేను పోగొట్టుకొన్నది ఏమీ లేదు గదా?" అని ఆయన అడిగితే, "పెద్దగా ఏమీ లేదండీ" అని నిజమే చెప్పగలిగాను.

రెండవవి మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పాడిన రామదాసు కీర్తనలు. 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైన విజయవాడ కేంద్రపు 'భక్తిరంజని' వలన ఆ గళం తెలుగువారి ఉదయాలలో భాగమైనది. గోలకొండ చెరసాలలో మ్రగ్గిన కంచెర్ల గోపన్న కీర్తనలు హైదరాబాదు ఇండ్లకు పరాయివి కావు. ఆనందభైరవిలోని సుప్రసిద్ధ కీర్తనను పెట్టి, నేను కావాలనే ధ్వని తగ్గించాను. ఆయన పెదవులు కదిలాయి, ఒక్క మాట తప్పలేదు. చెవి అందించని అక్షరాలను బాల్యంలో నేర్చిన జ్ఞాపకం అందిస్తున్నది. కొత్త పాట అయితే సగం పోయేది. తెలిసిన పాట గనుక నిండుగా వినబడింది. ఆ సాయంకాలం నాకు బోధపడిన సంగతినే ఈ ప్రసంగం చివర మీకు విన్నవిస్తాను.

మూడవది వీణ. ఈమని శంకరశాస్త్రిగారి రికార్డులలో ఏ రాగాలాపన దొరికినా సరే, తెచ్చుకోండి. శాస్త్రిగారు 1922 నుండి 1987 వరకు జీవించారు. వీణకు సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అని నాలుగు వాయించే తంత్రులు. శాస్త్రిగారు మంద్రస్థాయిలో ఒక్క మీటుతో తంత్రిని లాగి, స్వరం వెంట స్వరం పలికిస్తూ పోతుంటే, ఆ నాదం చెవికంటె ముందు ఛాతీకి తగులుతుంది. మా పెద్దమనిషి రేడియో పెట్టెపై అరచేయి ఆనించి విన్నారు. కొయ్య అదరడం చేతికి తెలుస్తున్నదట. ఇది వినడం కాదని ఎవరనగలరు?

నాలుగవది ఒక జంట. దీనికి మా పాతబస్తీతో సంబంధం ఉన్నది. 1902లో కసూరులో జన్మించిన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ తమ అంత్యదినాలు హైదరాబాదులో గడిపారు. 1968 ఏప్రిలులో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. వారి సమాధి పాతబస్తీలో దాయిరా మీర్ మోమిన్‌లో ఉన్నది. పక్షవాతం వచ్చిన తరువాత కూడా, కుమారుడు మునవ్వర్ అలీ ఖాన్ తోడుగా, సభలలో పాడిన ధీరుడాయన. వారి మాల్కౌంస్ వినండి. వెంటనే మన విద్వాంసులు పాడిన హిందోళం ఏదైనా వినండి. పేర్లు వేరుగాని రెండింటికీ స్వరాలు ఒకటే. రిషభ పంచమాలు లేని అయిదు స్వరాల రాగం. హిందుస్తానీవారు దానికి తంబురను పంచమానికి బదులు మధ్యమానికి శ్రుతి చేస్తారు. ఒకే ఇంటికి రెండు వాకిళ్ళున్నట్లు తోస్తుంది. మన వోలేటి వెంకటేశ్వర్లుగారు విజయవాడ కేంద్రంలో పనిచేస్తూ, కర్ణాటక సంప్రదాయం విడువకుండానే ఆ ఉస్తాద్ గానాన్ని ఆరాధించారు. ఆ ఆరాధన వారి ఆలాపనలో వినబడుతుంది. మాల్కౌంస్ వంటి నిదానపు రాగానికి మూడు నిమిషాలు చాలవు. 1948లో అమెరికాలో వెలువడిన ఎల్.పి. రికార్డు ఒక వైపునే ఇరవై నిమిషాలకు పైగా అవకాశం ఇచ్చిన తరువాతనే మనకు ఇటువంటి విస్తారం ఇంటిలో దక్కింది.

అయిదవది నాదస్వరం. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదం అందుకొన్న షేక్ చినమౌలానాగారి రికార్డు. నాదస్వరం ఆరుబయలు వాద్యం. చిన్నగదిలో ఎదురుగా కూర్చుండి వినవలసినది కాదు. యంత్రం ఒక గదిలో పెట్టి, తలుపు తెరచి, ప్రక్కగదిలో గాని వసారాలో గాని కూర్చోండి. గుడి వీథిలో దూరం నుండి వచ్చినట్లు వస్తుంది. మా పెద్దమనిషికి మాత్రం ఎదురుగానే కుర్చీ వేశాము. తక్కినవారికి వసారా.

ఇల్లు అన్న తరువాత అందులో ఇతరులు కూడా ఉంటారు. వినికిడి తగ్గినవారు ధ్వని హెచ్చిస్తారు. చదువుకొనే పిల్లలు విసుగుకొంటారు. ఆ ఇంటిలోనూ అదే తగవు. నిజం చెప్పవలెనంటే, రేడియోను అమ్మివేయాలన్న ఆలోచనకు మూలం అదే. చివరకు ఒక ఒడంబడిక కుదిరింది. సాయంకాలం ఆరున్నర నుండి ముప్పావు గంట ఆయనది. ఆ సమయంలో ఎవరూ దూరదర్శిని పెట్టరు. అందులో చివరి పావుగంట మాత్రం కుమార్తె కోరినది. ఆమె ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి అన్నమాచార్య సంకీర్తనలను కోరింది. వాటిలో కొన్నింటికి నేదునూరి కృష్ణమూర్తిగారు స్వరాలు కూర్చారు. తండ్రికి ఆ గళంలోని తారస్థాయి మెరుగు కొంత తగ్గి వినబడుతుంది. అయినా కుమార్తె ప్రక్కన కూర్చుండి నెమ్మదిగా పదాలు అందిస్తూ ఉంటుంది. మనుమడు మొదట విసుగుకొన్నవాడే, ఇప్పుడు ఆ యంత్రం తిప్పే అధికారం తనదంటాడు.

వైద్య విషయం ఒక్కటి చెప్పి ముగిస్తాను. మీ ఇంటిలో పెద్దలు ధ్వని హెచ్చిస్తూ ఉంటే వారిని కసరక, చెవి వైద్యునికి చూపించండి. వినికిడి యంత్రాన్ని సాధారణంగా మాట కొరకు అమరుస్తారు. సంగీతం దానిలో వికృతంగా వినబడవచ్చును. సంగీతానికి వేరొక అమరిక చేయగలరేమో నిపుణుని అడగండి. మా పెద్దమనిషి యంత్రానికి ఆ అమరిక చేయించాము. తంబుర పూర్తిగా తిరిగి రాలేదు. కొంత వచ్చింది.

ఇక బాలమురళిగారి పాట విన్న సాయంకాలం నాకు బోధపడినదని చెప్పిన సంగతి. రికార్డులు నేడు కొదువ లేదు. వేలకొలది పాటలు జేబులో పట్టుతున్నాయి. ఆకాశవాణి భాండాగారంలోని పాత కచేరీలు కూడా కొన్ని సి.డి.లుగా వెలువడినాయి. ఇన్ని ఉన్నాయి గదా అని ప్రతిదినమూ కొత్తది వింటూ పోతే, ఏదీ మనలో నిలువదు. చెవి తగ్గిననాడు మనతో కలిసి పాడేది లోపల నిలిచిన పాటే. అందుచేత వంద రికార్డులు వద్దు, అయిదు చాలు. నా అయిదే కానక్కరలేదు, మీకు నచ్చినవి అయిదు ఎంచుకోండి. ఒక్కొక్కదానిని నెల రోజులు వినండి. ఎక్కడ గాయకుడు ఊపిరి తీస్తాడో, ఎక్కడ మృదంగం ఒక క్షణం ఆగుతుందో తెలిసేవరకు వినండి. చెవులు బాగున్నప్పుడే ఈ పని చేయండి.

మొన్న నేను వెళ్ళేసరికి నాయుడుగారి వయొలిన్ మ్రోగుతున్నది. తారస్థాయికి కమాను పోయినప్పుడు, "ఇక్కడ నాకు సన్నగా వినబడుతున్నది బాబూ, కాని ఏమి జరుగుతున్నదో నాకు తెలుసు" అని ఆయన మోకాలిపై వ్రేలితో ఆ సంచారం చూపించారు. ఒక్క స్వరం కూడా తప్పలేదు. మూడు నిమిషాలు కాగానే మనుమని పిలిచి, మరల మొదటి నుండి పెట్టమన్నారు.

సెలవు.