మందు పక్కన రంగు పెన్సిలు
(వార్షిక సభలో చిత్రకారుల బృందం ప్రసంగ పాఠం)

 

నిరుడు ఇదే సభలో ఒక పెద్దాయన మమ్మల్ని సూటిగా అడిగారు: "మందులకే డబ్బు చాలటం లేదు, రోగుల చేత బొమ్మలు గీయించడానికి చందా ఎందుకు?" అప్పుడు మేము నీళ్లు నమిలాం. ఆయన ఈ రోజూ ముందు వరుసలోనే ఉన్నారు. ఏడాదిపాటు డయాలసిస్ గదిలో కూర్చుని వచ్చాం కనుక ఈసారి జవాబు చెప్పగలమనుకుంటున్నాం.

ముందుగా ఒక మాట. జకాత్ సొమ్ములో ఒక్క రూపాయి కూడా మేము అడగం. అది ఎవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పేసింది. మేము అడిగేది సదఖా, అదీ మీ ఇష్టంతో.

ఈ పని మనకు కొత్త కాదు. తుర్కియేలోని ఎదిర్నేలో సుల్తాన్ రెండవ బాయెజీద్ కట్టించిన ధర్మాసుపత్రి 1488లో పూర్తయింది. మసీదు, వైద్య పాఠశాల, అన్నశాల, ఆసుపత్రి అన్నీ ఒకే సముదాయం, వక్ఫ్ మీద నడిచినవి. గుమ్మటం కింద నీటి ఫౌంటెన్, చుట్టూ గదులు. పదిమంది గాయకులు, వాద్యకారులు వారానికి మూడు రోజులు వచ్చి రోగులకూ, మతి చలించినవారికీ వినిపించేవారని, వక్ఫే వారిని నియమించిందని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ రాశారు. పూల పరిమళం కూడా అక్కడ చికిత్సే. ఇప్పుడది మ్యూజియం. 2004లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ మ్యూజియం బహుమతి కూడా అందుకుంది.

మాది వారానికి ఒక్క మధ్యాహ్నమే. డయాలసిస్‌కు వచ్చినవారు సుమారు నాలుగు గంటలు కదలకుండా ఉండాలి. ఒక చెయ్యి సూదులకే పోతుంది. మొదటి రోజు నీటి రంగులు పట్టుకెళ్లి, దుప్పటి మీద ఒలకబోసి నర్సమ్మ చేత చీవాట్లు తిన్నాం. ఆమెదే న్యాయం. రంగు పెన్సిళ్లకు మారాం. ఒంటి చేత్తో గీస్తుంటే కాగితం జారిపోయేది. పిల్లలు పరీక్షలకు తీసుకెళ్లే క్లిప్పు అట్టలు కొన్నాక ఆ తిప్పలు తీరాయి. ఎవరి అట్ట, ఎవరి పెన్సిళ్లు వారివే. మనుషుల బొమ్మలు వద్దనేవారున్నారు, అందుకే తీగలు, పూలు, గళ్లు మాత్రమే గీయిస్తాం.

జర్దోజీ పని చేసిన ఒక ఖాలా ఉన్నారు. మూడు వారాలు మా వైపు చూడలేదు. నాలుగో వారం మా నమూనా లాక్కుని, "బేటా, తీగ ఇలా మెలిక తిరగదు" అని దిద్దారు. పక్క కుర్చీలో ఒక మిరప రైతు. నెలల తరబడి పక్కపక్కనే ఉన్నా ఇద్దరికీ మాటల్లేవు. ఆయన తొంగి చూసి, "బీర తీగలాగుందమ్మా, నులితీగలేవీ?" అన్నారు. ఆమె నవ్వి, గీశారు.

బొమ్మ గీస్తే క్రియాటినిన్ తగ్గుతుందని మేము చెప్పం. చెప్పేవాళ్లను నమ్మకండి. కానీ ఆ గదిలో గోడ గడియారం వైపు చూసే కళ్లు తగ్గాయి. అది మేము చూశాం.

ఖాలా ఇప్పుడు ఉదయం షిఫ్టుకు మారారు. రైతు తన కాగితం నర్సమ్మ దగ్గర వదిలి వెళ్తున్నారు, మర్నాడు ఖాలా దిద్ది అక్కడే పెడుతున్నారు. ఆ ఉదయం షిఫ్టు వాళ్లకు ఇవ్వడానికి మా దగ్గర అట్టలు లేవు. ఇరవై అట్టలు, ఇరవై పెట్టెల పెన్సిళ్లు, ఏడాదికి సరిపడా కాగితం. మేము అడిగేది ఇంతే. రసీదు పుస్తకం తలుపు పక్క బల్ల మీద ఉంది.