పిల్లను చూసి, పట్టి, మనమే ఎంచుకోవాలి
(యువ పెంపకందార్లకు సంఘం నిర్వహించిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



శిక్షణ పందుల మీద అనగానే మనవాళ్లే కొందరు ముఖం చిట్లించారు. గేదెను మేపితే గౌరవం, పందిని మేపితే నామోషీ! ఎరుకల కుటుంబాలు తరతరాలుగా ఈ జీవాల మీదే బతికాయి. పంది నడక చూసి దాని ఆరోగ్యం చెప్పగలవాళ్లు ఇక్కడ వెనక వరసలో కూర్చున్నారు. నేను చెప్పేదాంట్లో తప్పుంటే వాళ్లే సరిచేస్తారు.

మీలో ఎక్కువమంది నాలుగైదు పిల్లలతో మొదలుపెట్టేవాళ్లే. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో సగం సబ్సిడీ ఉందంటారు, నిజమే. కానీ అందులో చిన్న యూనిట్ అంటేనే 50 ఆడపందులు, 5 మగపందులు. అంత షెడ్డు, అంత పెట్టుబడి మన పిల్లలకు ఎక్కడిది? కాబట్టి మీరు పెట్టేది అమ్మ డ్వాక్రాలో తెచ్చిన అప్పో, కూలి డబ్బో. నాలుగింట్లో ఒకటి చస్తే ఏడాది కష్టంలో పావు వంతు పోయినట్టే. అందుకే ఇవాళ షెడ్డు గురించీ దాణా గురించీ కాకుండా, పిల్లను ఎంచుకోవడం గురించే మాట్లాడతాను.

సంతలో కొనకండి. పది ఊళ్ల పందులు తిరిగిన నేల అది, ఏ రోగం ఎక్కడ అంటిందో ఎవరికీ తెలియదు. పెంచేవాళ్ల దొడ్డికే వెళ్లండి, అదీ మేత వేసే వేళకు. తొట్టి దగ్గర తోసుకుని ముందుకొచ్చే పిల్ల మీద కన్నుంచండి. మూలన ఒంటరిగా నిలబడిన పిల్లను సగం ధరకిస్తానన్నా వద్దు. ఆ సగం ధర మందులకే పోతుంది.

పిల్లకంటే ముందు తల్లిని చూపించమనండి. ఎన్ని ఈనింది, ఎన్ని బతికాయి, ఎన్ని రోజులకు పాలు మాన్పించారు, ఈ మూడూ అడగండి. రెండు నెలల సీమ సంకర పిల్ల పది కిలోలకు అటూ ఇటూ ఉండాలి. ఆరు కిలోల పిల్లను చూపించి ‘చిన్న వయసు, అందుకే’ అంటే, ఈనిన తేదీ రాసిన పుస్తకం తెమ్మనండి.

తర్వాత గట్టి నేల మీద నడిపించండి. బురదలో ఏ పందైనా బాగానే కనిపిస్తుంది. కుంటుతుందా, కీళ్లు వాచాయా, గిట్టలు పగిలాయా అన్నది గచ్చు మీదే బయటపడుతుంది. పడుకున్నదాన్ని లేపి నాలుగడుగులు తరమండి. లేవగానే దగ్గు మొదలైతే ఊపిరితిత్తుల్లో ఏదో ఉన్నట్టే. ముట్టె ఒక పక్కకు వంకర తిరిగినా, ముక్కు నుంచి రక్తం చారలున్నా వదిలేయండి. తోక కింద తడి, అంటిన పేడ ఉంటే పారుడు. చెవుల వెనక పొట్టు రాలుతూ గోడకు రుద్దుకుంటుంటే గజ్జి. గజ్జికి మందుంది గానీ అది మీ దొడ్డి మొత్తానికి అంటుకుంటుంది. చెవుల లోపల, చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం లేదని అర్థం. పంది పాలలో ఇనుము తక్కువ. మట్టి ముట్టని గచ్చు మీద పుట్టిన పిల్లకు మొదటి వారంలోనే ఐరన్ ఇంజెక్షన్ పడాలి. వేయించారా అని అడగండి.

పొట్ట కింద చెయ్యి పెట్టి తడమండి. బొడ్డు దగ్గరో గజ్జల దగ్గరో మెత్తగా ఉబ్బి, నొక్కితే లోపలికి పోయేది ఉంటే అది పేగు జారిన పిల్ల, కొనకండి. ఈనడానికి ఉంచుకునే ఆడపిల్లకైతే చన్నులు లెక్కపెట్టండి. పక్కకు ఆరు చొప్పున కనీసం 12 ఉండాలి, లోపలికి నొక్కుకుపోయినవి లెక్కలోకి రావు. మగపిల్లను ఆ ఈతలోనే తీసుకోకండి, అన్నాచెల్లెళ్లు కలిస్తే మంద చెడుతుంది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం తయారుచేసిన టి-17 సంకర రకంలో ముప్పావు సీమ పంది రక్తం, పావు నాటు రక్తం. నాటు పంది ఓర్పు దండగ కాదని వాళ్లూ ఒప్పుకున్నట్టే కదా!

జ్వరం చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మనకు జ్వరమనిపించే 102 డిగ్రీలు పందికి మామూలే. తరిమి పట్టుకున్నాక చూస్తే ఇంకా పెరుగుతుంది, కాబట్టి ముందే చూడండి. 104 దాటి, మేత ముట్టక, చెవులూ పొట్టా ఊదారంగుకు తిరుగుతుంటే ఆ దొడ్లో దేన్నీ కొనకండి. వెంటనే పశువుల డాక్టరుకు చెప్పండి. స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదట బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వేరే రోగం. ఆ టీకా దీనికి పనిచేయదు. మనుషులకు రాదు గానీ మందకు మందనే తుడిచిపెడుతుంది. పంది మాంసం ముక్కలున్న హోటల్ కుడితి ద్వారా కూడా వస్తుంది. కుడితిని అరగంట మరిగించకుండా పోయొద్దు.

తెచ్చిన పిల్లల్ని నెల రోజులు విడిగా ఉంచండి. వాటికి వేరే బకెట్టు, వేరే చెప్పులు. ముందు పాత వాటికి మేత వేసి, ఆఖర్న కొత్త వాటి దగ్గరికి వెళ్లండి.

ఇక పథకాల కింద వచ్చే జీవాల మాట. లారీ రాత్రిపూట వస్తుంది, లాటరీ తీస్తారు, సంతకం పెట్టించుకుంటారు. దగ్గుతున్నదో కుంటుతున్నదో చీకట్లో ఎవరికి కనిపిస్తుంది? మా వైపు ఇలా ఇచ్చిన పిల్లలు పక్షం తిరక్కుండానే పోతే, ‘మీకు మేపడం రాదు’ అన్నారు. మేపడం వాళ్ల తాతల నాటి నుంచి వచ్చు, ఎంచుకోనివ్వలేదు, అంతే. అందుకే సంఘం అడుగుతోంది: పెంచేవాడే దొడ్డికి వెళ్లి ఎంచుకోవాలి, పశువైద్యుడు పక్కనుండి రాసివ్వాలి, చెవి పోగు వేసి ఆ రోజు నుంచే బీమా కట్టాలి, నెలలోపు రోగంతో చస్తే మరొకటి ఇవ్వాలి. ఈ నాలుగూ రాసిన వినతిపత్రం బల్ల మీద ఉంది, చదివి సంతకం చేయండి. పగటిపూట చూడనిదే ఏ రసీదు మీదా సంతకం చేయకండి.

రేపు పక్క ఊరి దొడ్డికి వెళ్లి ఇదంతా చేతులతో చేసి చూద్దాం. మేత వేళకు చేరాలి కాబట్టి ఆరింటికల్లా ఇక్కడుండండి. చెప్పులు కడుక్కుని రండి. ఇంట్లో పందులున్నవాళ్లు దొడ్లో తిరిగిన బట్టలతో మాత్రం రావద్దు.