ఫొటోలో పిప్పి పన్ను

బళ్లారి జిల్లా సండూరు తాలూకాలో తోరణగల్లు పక్కనే ఉంది కూరెకుప్ప. ఉక్కు కర్మాగారం పొగగొట్టాల నీడన పెరిగిన ఊరు. పన్ను నొప్పితో ఏడ్చే పిల్లాణ్ణి ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో చూపించాలంటే బళ్లారి వెళ్లాలి. రానూపోనూ ఒక రోజు కూలి పోయినట్టే. అందుకే, ‘పాలపళ్లేగా, ఊడిపోతాయిలే’ అనే మాట ఇంటింటా వినిపిస్తుంది.

ఆరేళ్ల వయసులో వెనక వచ్చే దవడ పన్ను మాత్రం పాలపన్ను కాదు. పుచ్చితే మళ్లీ రాదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్తాయి. వాళ్లు చూసే జబ్బుల్లో పిప్పి పళ్లూ ఉన్నాయి. దూరవైద్యం అక్కరకొచ్చేది ఇక్కడే. నర్సు చెంపను వేలితో పక్కకు లాగి, పన్ను మీది తడి తుడిచి, టార్చి వెలుగులో ఫోన్‌తో ఫొటో తీస్తే, పట్నంలో దంత వైద్యుడు ఎవరిని ముందు పిలవాలో చెప్పగలడు. తుడవకపోతే ఉమ్మి మెరుపే పడుతుంది! పళ్ల సందుల్లోని పుచ్చు ఫొటోకు చిక్కదు. దానికి ఎక్స్‌రే కావాలి.

దూరవైద్యం కొత్తదేమీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండ 2000లోనే దాన్ని చూసింది. కాలిఫోర్నియాలో బడికొచ్చే దంత హైజీనిస్టులు ఎక్స్‌రేలు పంపి, దూరాన ఉన్న డాక్టరు సలహాతో చికిత్స చేస్తున్నారు. డ్రిల్లింగ్ లేకుండా పుచ్చును ఆపే మందూ ఉంది: సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్. 2021లో అది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాకెక్కింది. పూసినచోట పన్ను నల్లబడుతుంది. ఆ సంగతి తల్లికి ముందే చెప్పాలి.